పట్టే చెయ్యి

మిడత మళ్ళీ ఎగరలేదు.

బీమ్ అనే ఆ సన్నటి ఎత్తు దూలం మీద నిలబడింది. చేతులు చెవులకు ఆనించింది. మోకాళ్ళు వంచింది. కింద అక్క తన కుడిచెయ్యి ఆ పిల్ల నడుం వెనక్కి చాపింది. ఇక వెనక్కి విల్లులా వంగి, చేతుల మీదుగా తిరిగి, మళ్ళీ కాళ్ళ మీద నిలబడడమే తరువాయి. సరిగ్గా అక్కడ ఆగిపోయింది మిడత. చేతులు దించేసింది.

"కాలు జారుతోందక్కా."

"నిన్నా ఇదే మాట. తుడిపించాను కదే!"

"మళ్ళీ జారుతోంది."

"కింద నేనున్నాను కదా. పట్టుకుంటాను. ఎగురు."

ఆ మాట వినగానే మిడత బీమ్ దిగిపోయింది.

అక్క చెయ్యి మెల్లగా కిందికి దించుకుంది. దించుతున్నప్పుడు భుజంలో ఏదో కలుక్కుమంది. మొహం పక్కకి తిప్పుకుంది. పిల్లలు చూడకూడదు.

వేసవి క్యాంపు ఆఖరి వారం అది. రేకుల కప్పు కింద పెద్ద హాలు. పైన ఫ్యాన్లు వేడిగాలిని ఆ మూల నుంచి ఈ మూలకి మోస్తున్నాయి తప్ప ఇంకేమీ చెయ్యడం లేదు. చెమట, చాక్ పొడి, పాత మ్యాట్ల వాసన. అక్క అంటే పిల్లలకి జిమ్నాస్టిక్స్‌లో బీమ్ నేర్పే కోచ్. వాచ్‌మన్ నుంచి పిల్లల తాతల దాకా అందరికీ ఆవిడ అక్కే. ఉదయం నుంచి సాయంత్రం దాకా బీమ్ పక్కన నిలబడి, పైనుంచి వచ్చే ప్రతి ఒంటినీ ఒక చేత్తో కాచుకోవడం ఆవిడ పని. దాన్ని అక్కడ సపోర్ట్ ఇవ్వడం అంటారు. వేసవి అంతా అదే పని. ఒళ్ళు హూనమైపోయింది.

క్యాంపు మొదట్లో ఈ పిల్లలకి పడడం కూడా రాదు. పడుతూ చేతులు వెనక్కి పెట్టేవాళ్ళు, మణికట్టు పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు గడ్డం గుండెకి ఆనించి, బంతిలా దొర్లి, లేచి, గౌను దులుపుకున్నట్టు ఒళ్ళు దులుపుకుని మళ్ళీ లైన్లో నిలబడుతున్నారు. మ్యాట్లు మోసుకొస్తున్నారు. ఒకరి జడ ఒకరు బిగిస్తున్నారు. పక్కపిల్ల భయపడితే నవ్వడం మానేశారు. ఇళ్ళలో తల్లులు మొత్తుకున్నా రాని బుద్ధులు.

అందరిలోకీ ముందు నేర్చుకుంది మిడతే. పదేళ్ళ పిల్ల. క్యాంపుకి వచ్చిన రోజే ఎవరూ చెప్పకుండా మ్యాట్ల గుట్ట మీంచి మ్యాట్ల గుట్ట మీదికి దూకి ఆ పేరు సంపాదించుకుంది. అలాంటి పిల్ల, ఆమధ్య ఒకసారి కాలు జారి బీమ్ మీంచి పడ్డ దగ్గర్నుంచి ఎగరడం మానేసింది. శనివారం పరీక్ష. ఎత్తు బీమ్ మీద వెనక పల్టీ కొట్టినవాళ్ళనే ఈ హాలు నడిపే పెద్దసారు తన జట్టులోకి తీసుకుంటాడు. ఏడాదంతా ఇదే హాల్లో శిక్షణ. కొట్టలేనివాళ్ళు ఇంటికి. మళ్ళీ ఏడాది చూద్దాంలే అనుకోవడానికి వీల్లేని ఆట ఇది. ఏడాదిలో ఒళ్ళు పెరుగుతుంది. దాంతోపాటు భయమూ పెరుగుతుంది.

గేటు దగ్గర మిడత అమ్మమ్మ కాపు కాసింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. గొంతు మాత్రం రిటైర్ కాలేదు.

"ఏమ్మా కోచ్! నా మనవరాలు బండెక్కి టికెట్ కొట్టించుకోకుండా దిగిపోతోందటగా?"

"భయపడుతోంది అమ్మమ్మగారూ. కొందరికి మధ్యలో అలా అవుతుంది."

"ఇదా? భయమా?" పెద్దావిడ మిడత నెత్తి మీద ఒకటి వేసింది. "మొన్న మా అటక మీంచి దూకింది. చూసిన నాకు ప్రాణం పోయింది, దీనికి చీమ కుట్టినట్టయినా లేదు. దీనికి భయమనేది ఉంటే నా ముసలితనం సుఖంగా గడిచేది తల్లీ."

"అమ్మమ్మా, పద" అంది మిడత.

"ఉండవే. ఇదిగో, లోపల ఎవరో దీన్ని ఏదో అన్నారు. నలభై మంది ఎక్కిన బండిలో జేబు ఎవడు కొట్టాడో మొహం చూసి చెప్పేదాన్ని. దీని మొహం మాత్రం పట్టుబడడం లేదు. నువ్వే కనుక్కో. శనివారం ఇది ఎగరకపోతే, ఏడాదంతా దీన్ని ఇంట్లో కట్టెయ్యడం నా వల్ల కాదు."

మర్నాడు పొద్దున అక్క అద్దం ముందు కూర్చుంది. వెనక మొగుడు దువ్వెన పట్టుకుని కుస్తీ పడుతున్నాడు. మెకానిక్కు. ఎంత కడిగినా గోళ్ళలో నలుపు పోదు.

"లాగకు బాబూ! అది జడ, ఫ్యాన్ బెల్టు కాదు."

"ఫ్యాన్ బెల్టే నయం, కదలకుండా ఉంటుంది." రబ్బరు బ్యాండు వంకరగా బిగించాడు. "చెయ్యెత్తి జడ వేసుకోలేవు. అన్నం ఎడమచేత్తో తింటున్నావు. బేరింగ్ పోయిన బండిని షెడ్డులో పెట్టకుండా ఎన్నాళ్ళు తోలతావు?"

"శనివారం దాకా."

"తర్వాత?"

"తర్వాత నిద్రపోతాను."

అతను దువ్వెన పక్కన పెట్టాడు. అతనికీ తెలుసు. సపోర్ట్ ఇవ్వలేని కోచ్‌ని పెద్దసారు హాల్లో ఉంచడు. 'పట్టే చెయ్యి లేనివాళ్ళు గోడ అవతలే' అనేది ఆయన పాత మాట. మరో పని అక్కకి రాదు. నేర్చుకునే ఓపికా మిగల్లేదు.

ఆ రోజు అక్క పిల్లలకంటే ముందే హాలుకి చేరి బీమ్ మొత్తం తడిమి చూసింది. తొడుగు బిగుతుగానే ఉంది. కాళ్ళ బోల్టులు గట్టిగా ఉన్నాయి. ఎవరూ నూనె రాయలేదు, నీళ్ళు చల్లలేదు. మరి జారేదేమిటి?

డ్రెస్సింగ్ రూము వైపు వెళ్ళింది. తలుపు సందులోంచి గుసగుసలు. మిడత, ఇంకో పిల్ల. ఆ ఇంకో పిల్లని అందరూ బొమ్మ అంటారు. పొడుగ్గా, బొద్దుగా, ఎప్పుడూ అలంకరించినట్టుంటుంది. బీమ్ మీద మిడతకి అసలైన పోటీ తనే.

"ఇవాళ కూడా అలాగే చెయ్యాలి, సరేనా?" అంటోంది ఒక గొంతు.

"సారు చూస్తే?"

అక్క తలుపు తోసింది. ఇద్దరూ గతుక్కుమన్నారు. బొమ్మ వంగి, కట్టుకునే ఉన్న బూటు లేసు మళ్ళీ కట్టుకోవడం మొదలెట్టింది.

దొంగ దొరికింది అనుకుంది అక్క. బొమ్మే పిల్లని బెదిరిస్తోంది. ఆ రోజంతా బొమ్మ మీద ఓ కన్నేసింది.

రెండు బీమ్‌లు, రెండు లైన్లు. ఒక దాని దగ్గర అక్క. రెండో దాని దగ్గర రెండో కోచ్ బండన్న. తలుపంత మనిషి, నోట్లోంచి రోజుకో మాట రాలితే గొప్ప. పొద్దున్నే పిల్లల్ని రెండు లైన్లుగా పంచింది అక్కే. బొమ్మ తన లైన్లోనే ఉంది. మొదటి వరస అయింది. నీళ్ళు తాగి వచ్చేసరికి బొమ్మ బండన్న లైన్లో ఉంది.

పోనీ అనుకుంది. తర్వాత చూస్తే, బండన్న లైన్లోని బక్కపిల్ల ఒకతె వచ్చి తన లైన్లో నిలబడింది. ఆ వెనకే తన లైన్లోని మరో బొద్దుపిల్ల జడ సర్దుకునే నెపంతో అటు జారుకుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. కంటి సైగలు కూడా లేవు. బాగా అలవాటైన పని. మధ్యాహ్నానికి హాల్లోని బరువంతా బండన్న వైపు, ఈకల్లాంటి పిల్లలంతా తన వైపు.

ఎన్నాళ్ళుగా జరుగుతోందిది? రోజూ తన కళ్ళ ముందే. పిల్లల నడుములు చూస్తూ ఏ నడుం ఎవరిదో చూడడం మానేసింది తను.

భోజనాల వేళ బొమ్మని చాక్ డబ్బా దగ్గర నిలదీసింది.

"లైను ఎందుకు మారావు?"

"ఊరికే."

"ఊరికేనా? మిడతని ఏమని బెదిరిస్తున్నావు?"

బొమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "నేనా? మిడతనా? అదే మా అందరినీ బెదిరిస్తోందక్కా! లైను మారకపోతే మాట్లాడదట."

"ఎందుకట?"

"చెప్పొద్దంది."

"చెప్పు."

"నేను చెప్పానని చెప్పొద్దు మరి." బొమ్మ చాక్ పొడిలో వేలితో గీతలు గీసింది. "బరువున్నవాళ్ళం అటు వెళ్ళిపోవాలి. తేలికైనవాళ్ళే మీ దగ్గరికి రావాలి. మీ చెయ్యి పాడైపోయింది కదా. మీరు జడ కూడా వేసుకోలేకపోతున్నారని మాకు తెలుసు. ఆ జడ చూస్తేనే తెలిసిపోతుందక్కా, ఎంత ఘోరంగా ఉందో!"

అక్క ఎడమచెయ్యి జడ మీదికి పోయి, వంకర రబ్బరు బ్యాండు దగ్గర ఆగింది.

మిడత సామాన్ల గదిలో దొరికింది. మ్యాట్ల గుట్ట మీద కూర్చుని కాళ్ళు ఆడిస్తోంది. అక్క తలుపు మూసి ఎదురుగా నిలబడింది.

"బొమ్మ చెప్పేసిందా?" అంది మిడత. "దాని నోట్లో నువ్వుగింజ నానదు."

"దాని సంగతి వదిలెయ్. ఆ రోజు నువ్వు పడ్డావే, బీమ్ మీంచి. ఏం జరిగింది?"

"కాలు జారింది."

"నిజం చెప్పవే."

మిడత కాళ్ళు ఆడించడం ఆపింది. "మీ చెయ్యి వచ్చిందక్కా. వీపుకి తగిలింది కూడా. కానీ అందులో ఏమీ లేదు. ఖాళీ చొక్కా చెయ్యిలా ఉంది. నేను దాని మీంచి కిందికి వెళ్ళిపోయాను."

ఆ మధ్యాహ్నం అక్కకి గుర్తే. పిల్ల మెడ నేలకి తాకబోతూ, ఆఖరి క్షణంలో గడ్డం లోపలికి ముడుచుకుని దొర్లింది. తనే వంగి లేపింది. ఏమైందే అని అడిగితే, కాలు జారిందక్కా అని పిల్లే చెప్పింది. ఎంత హాయిగా నమ్మేసింది ఆ మాట! ఆ రోజు నుంచి మిడత మొండికేస్తుంటే, జంకిన పిల్లకి ఏ కోచ్ అయినా చేసే వైద్యమే తనూ చేసింది. ఇంకాస్త దగ్గరగా నిలబడింది. చెయ్యి ఇంకాస్త చాపింది. నేనున్నాను, పట్టుకుంటాను అని చెవిలో పోరింది. పిల్ల భయపడుతున్నదే ఆ చేతికి. తను రోజూ అదే చేతిని తెచ్చి దాని కళ్ళ ముందు పెట్టింది.

"బండన్న కావాలని అడగొచ్చుగా?"

"మీ కన్ను నా మీదే ఉంటుంది, జారుకోలేను. అడిగితే ఎందుకని సారు అడుగుతారుగా. చెబితే మిమ్మల్ని పంపేస్తారుగా."

"చెప్పకపోతే నీ చోటు పోతుంది కదే."

"వచ్చే ఏడు వస్తాను." చాలా మామూలుగా అంది. తర్వాత గొంతు చిన్నదైంది. "వచ్చే ఏటికి మీ చెయ్యి బాగవుతుందిగా?"

అక్కకి కోపం రావాలి, ఏడుపు రావాలి. ఏదీ రాలేదు. ఉత్త అలసట వచ్చింది, కాళ్ళ నుంచి తలదాకా. పదేళ్ళ పిల్ల ఇన్నాళ్ళూ తనకి సపోర్ట్ ఇచ్చుకొచ్చింది. అదీ పెదవి విప్పకుండా, పిరికిదన్న పేరు నెత్తిన వేసుకుని.

"దిగు" అంది. "అన్నం తిను. మిగతాది నేను చూసుకుంటాను."

శనివారం పరీక్షకి ముందే పెద్దసారు గది తలుపు తట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నున్నటి గుండు, వంగని నడుం.

"సార్, నా భుజం పోయింది. చెయ్యి లేవడం లేదు."

ఆయన తుడవడం ఆపలేదు. "ఇవాళ పొద్దున పోయిందా?"

"క్యాంపు మొదట్లోనే నొప్పి మొదలైంది. సగంలో ఉండగా బలం పోయింది."

"ఆ కుర్చీ ఎత్తు."

ఎత్తబోయింది. కుర్చీ కాళ్ళు నేల వదిలాయి, వెంటనే టకటకమంటూ కిందపడ్డాయి.

"ఈ చేత్తో పిల్లల కింద నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"ఎవరైనా పడ్డారా?"

"మిడత పడింది. తనంతట తనే దొర్లి బతికింది."

 ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆవిణ్ణి చూశాడు. అరిచి ఉంటే బాగుండేది.

"ఈ క్షణం నుంచి హాల్లో కట్టిన ఆ తాడు దాటి లోపలికి రాకు. చెయ్యి బాగు చేయించుకుని, బార్ పట్టుకుని వేలాడి చూపించిన రోజు మాట్లాడదాం."

"సరే సార్. మిడత సంగతి..."

"ఎగరని పిల్ల సంగతి ఏముంది?"

"నా చేతికి జడిసి ఎగరలేదు సార్. బండన్నని పెట్టండి."

"అతనితో ఒక్కసారైనా కొట్టిందా?"

"లేదు."

"కొత్త చేతిలో పరీక్ష రోజున పల్టీ! ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదేనమ్మా." నిట్టూర్చాడు. "అందరికీ రెండు అవకాశాలు. దానికీ రెండే."

తాడు అవతల తల్లిదండ్రుల బెంచీలు. వాళ్ళ పక్కన నిలబడింది అక్క. ఆవిడ ఎప్పుడూ అక్కడ నిలబడలేదు. అక్కణ్ణుంచి బీమ్ చాలా ఎత్తుగా కనిపించింది.

పెద్దసారు అందరికీ వినపడేలా చెప్పాడు. "కోచ్ చెయ్యి దెబ్బతింది. ఇవాళ సపోర్ట్ బండన్న ఇస్తాడు." బెంచీలు గుసగుసలాడాయి. మిడత అమ్మమ్మ మెల్లగా తల తిప్పి అక్క కుడిభుజం వైపు చూసింది. తర్వాత మొహం వైపు. ఈసారి ఆవిడకి మొహం పట్టుబడింది.

బొమ్మ వచ్చింది, మొదటి ప్రయత్నంలోనే కొట్టింది, నవ్వుకుంటూ దిగింది. తర్వాత మిడత.

బీమ్ ఎక్కింది. చేతులు చెవులకు ఆనించింది. మోకాళ్ళు వంచింది. అక్క చెయ్యి అలవాటుకొద్దీ ముందుకి కదిలి, తాడుకి తగిలి ఆగింది.

మిడత ఎగిరింది.

బండన్న భయపడ్డాడు. గాల్లో ఉండగానే నడుం రెండు చేతులా ఒడిసిపట్టి, గోనెసంచిని దించినట్టు మ్యాట్ మీద దించాడు.

"లెక్కలోకి రాదు" అన్నాడు పెద్దసారు. "ఇంకొక్కటి."

అక్కకి అరవాలనిపించింది. తొందరపడకన్నా, వీపు దాటాక చెయ్యి వెయ్యి, ఆ పిల్లకి దారి వదులు అని. నోరు తెరిచింది. పెద్దసారు అటే చూస్తున్నాడు. మూసుకుంది.

మిడత మ్యాట్ మీద నిలబడి, తల బాగా వెనక్కి వంచి బండన్న మొహంలోకి చూసింది.

"అన్నా, మీరు పట్టేసుకుంటున్నారు."

"పడతావని."

"పడితే పడతాను. పడడం వచ్చు నాకు. చెయ్యి ఇక్కడ పెట్టండి." అతని మణికట్టు పట్టుకుని, గాల్లో చోటు చూపించింది. "నేను దీని మీదికి వస్తే అప్పుడు తొయ్యండి. రాకపోతే ముట్టుకోకండి."

బండన్న సారు వైపు చూశాడు.

"నా వైపు చూస్తావేం?" అన్నాడు పెద్దసారు. "ఎగిరేది తను. చెప్పింది చెయ్యి."

మళ్ళీ బీమ్. ఈసారి మిడత కాసేపు అలాగే నిలబడింది.  ఆగిపోతుంది, దిగిపోతుంది అనుకుంది అక్క. అలవాటైపోయింది మరి.

పిల్ల వెనక్కి పడింది. చేతులు బీమ్‌ని అందుకున్నాయి. కాళ్ళు పైనుంచి తిరిగి వచ్చాయి. ఒక పాదం దిగింది. రెండోది గాల్లోనే ఉండిపోయింది. ఒళ్ళు కుడికి ఒరిగింది, ఎడమకి ఒరిగింది, చేతులు రెక్కల్లా కొట్టుకున్నాయి. బండన్న చెయ్యి చాపి ఉంచాడు, ముట్టుకోలేదు. నుదుటి మీంచి చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

రెండో పాదం దిగింది.

"వికారంగా ఉంది" అన్నాడు పెద్దసారు. "కానీ నిలబడింది. తీసుకుంటున్నాను."

పిల్లలంతా గోల పెట్టారు. బొమ్మ అందరికంటే గట్టిగా అరిచింది.

గోలలో అమ్మమ్మ లేచి అక్క దగ్గరికి వచ్చింది. దగ్గర నుంచి చూస్తే చాలా ముసలిది.

"ఆ రోజు జారింది దాని కాలు కాదన్నమాట. మెడ మీద పడి ఉంటే?"

అక్క ఎడమచేత్తో కుడిభుజం కప్పుకుంది.

"రోజూ దాని చెయ్యి తెచ్చి నీ చేతిలో పెట్టి వెళ్ళాను."

"తప్పు నాదే అమ్మమ్మగారూ."

"నాది మరి అవుతుందా?" గొంతు పెంచలేదు. కళ్ళు తుడుచుకుని, "దానికి బాగా నేర్పావు. కాదనను. కానీ ఇవాళ నీతో మాట్లాడలేను. ఎప్పటికైనా మాట్లాడతానేమో, అదీ తెలీదు" అని మనవరాలి సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడిచింది.

మిడత తాడు కింద నుంచి దూరి వచ్చింది. ఒళ్ళంతా చాక్ పొడి.

"కాలు ఊగింది కదక్కా."

"ఊగింది. తల ముందే తిప్పేశావు. చేతులు తాకేదాకా బీమ్ చివరే చూడాలి."

"సోమవారం సరిచేస్తారా?"

"సోమవారం నుంచి బండన్న. నేను రాను."

మిడత అరచేతుల చాక్ పొడి దులుపుకుంది. గేటు దగ్గర అమ్మమ్మ పిలుస్తోంది. పిల్ల రెండడుగులు వేసి వెనక్కి వచ్చింది.

"ఏ డాక్టరు దగ్గరైనా ఆపరేషన్ చేయించుకోండక్కా. తొందరగా. బండన్న మాట్లాడడు. తప్పు చేస్తే నాకెలా తెలుస్తుంది?"

"అడుగు. ఇందాక నోరు విప్పావుగా. రోజూ అలాగే అడుగు."

పిల్ల తలూపి పరిగెత్తింది.

అక్క బస్సెక్కింది. ఖాళీ సీటు లేదు. పైన కడ్డీకి ఎడమచెయ్యి వేసి నిలబడింది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. మలుపులో బస్సు ఒరిగింది. పక్కన నిలబడ్డ ఆడమనిషి తూలి మీద పడబోయింది. అక్క భుజం దానంతటదే లేవబోయి, నొప్పికి మళ్ళీ దిగిపోయింది. ఆ ఆడమనిషి సీటు అంచు పట్టుకుని నిలదొక్కుకుంది. ఇటు తిరిగి, "కూర్చుంటారా? చాలా నీరసంగా ఉన్నారు" అని ఎవరినో లేపబోయింది.

"వద్దండీ" అంది అక్క. "వచ్చే స్టాపే."

రాబోయేది ఆవిడ స్టాపు కాదు. ఇంకా చాలా దూరం ఉంది. కానీ కూర్చుంటే మళ్ళీ లేవగలనన్న నమ్మకం లేకపోయింది ఆవిడకి.